నాలుగు గంటల గడువు

బ్యాగు సర్దే పని చిలకమ్మ ఎవరికీ వదిలిపెట్టదు. ఇంట్లోంచి ఎవరైనా కదులుతున్నారంటే చాలు, ముందురోజు నుంచే ఆవిడకు అన్నం సహించదు. చేతులు మాత్రం ఖాళీగా ఉండవు. ఆ మంగళవారం పొద్దున కూడా ఆ రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్ పేటలోని రెండు గదుల ఇంట్లో, మంచం మీద నీలం రంగు చక్రాల బ్యాగు తెరిచి పెట్టుకుని, ఒక్కో బట్టా దులిపి, మడిచి, అరచేత్తో ఒత్తి పెడుతోంది. రెండు నేత చీరలు, మూడు కుర్తాలు, తువ్వాలు, జ్వరం మాత్రల అట్ట, మూత చుట్టూ గుడ్డ కట్టిన ఉసిరికాయ పచ్చడి సీసా. అన్నిటికీ పైన కాగితాల ఫైలు.

మనవరాలు శ్రావణి వచ్చి బ్యాగులో చెయ్యి పెట్టి కెలికింది.

"ఏటి నానమ్మా, మేజోడు ఒకటే ఉంది? రెండోదేదీ?"

"అది నా దగ్గరుంటాది."

"ఒంటి మేజోడు తొడుక్కుని మీటింగుకి ఎల్లమంటావా? దేశదేశాల వాళ్ళు వస్తన్నారక్కడికి."

"సెప్పులేసుకుని ఎల్లు. నువ్వు తిరిగొచ్చినాక రెండూ తొడుక్కుందువు గాని."

శ్రావణి నవ్వేసి ఊరుకుంది. ఆ పిల్లకు తెలుసు. గార్డుల ఇళ్ళలో, డ్రైవర్ల ఇళ్ళలో ఆడవాళ్ళకు పూర్వం నుంచీ ఉన్న అలవాటది. బండెక్కే మనిషి సామాను సర్దేటప్పుడు వాళ్ళది ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, ఇంట్లో ఆపుకోవాలి. దువ్వెనో, బొత్తామో, జతలో ఒకటో. ఆపినదాని కోసం మనిషి తిరిగొస్తాడని నమ్మకం. చిలకమ్మ భర్త వెంకటరావు గూడ్సు గార్డుగా పనిచేసిన పదేళ్ళూ ఆవిడ ప్రతిసారీ ఏదో ఒకటి ఆపింది. ఒక్కసారి మరిచిపోయింది.

శ్రావణికి ఇరవై ఏడేళ్ళు. అమ్మానాన్నలు చక్రధర్‌పూర్‌లో ఉంటారు. లా చదివి, ఊళ్ళో ఒక లా ప్రొఫెసరమ్మ దగ్గర సహాయకురాలిగా చేరి, నానమ్మ దగ్గరే ఉంటోంది. ఆ ప్రొఫెసరమ్మను సముద్రపు ఒప్పందాల విషయంలో ఢిల్లీ వాళ్ళు సలహా అడుగుతుంటారు. ఈసారి విశాఖపట్నంలో మూడు రోజుల సంప్రదింపులు. మాట్లాడినదంతా రాసుకోవడానికి ఆవిడ వెంట ఒక సహాయకురాలు వెళ్ళాలి. ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరంలో రెండు పేర్లున్నాయి. మొదటిది శ్రావణిది. దాని కింద, ఏ కారణం చేతనైనా ఆమె రాలేకపోతే అంటూ, పక్కింటి జెన్నిఫర్‌ది.

ఆ ఉత్తరం చిలకమ్మ కళ్ళజోడు పెట్టుకుని నాలుగుసార్లు చదివింది. బడి మొహం చూడని మనిషి. తెలుగు అక్షరాలు పొట్లాల కాగితాల మీదా, ఇంగ్లీషు అక్షరాలు వ్యాగన్ల మీదా, గార్డుల్ని డ్యూటీకి పిలిచే కాల్ పుస్తకంలోనూ నేర్చుకుంది. నేర్చుకున్న దగ్గర్నుంచి ఇంట్లోకి వచ్చిన ఏ కాగితాన్నీ చదవకుండా వదల్లేదు.

"ఒకళ్ళ కింద ఒకళ్ళని రాసినారు. అచ్చం కాల్ పుస్తకంలాగే ఉంది," అంది.

"ఉంటే ఏటైపోద్ది? ప్రతి ఆఫీసులోనూ అలాగే రాస్తారు."

"అసలు అక్కడ ఏటి మాటాడతారే?"

శ్రావణి మంచం అంచున కూర్చుని, జుట్టు చిక్కు తీసుకుంటూ చెప్పింది. "బాంబులకి పనికొచ్చే అణు సామాను ఓడల్లో దొంగతనంగా పోకుండా దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. నడి సముద్రంలో ఒక ఓడ మీద అనుమానం వచ్చిందనుకో. ఎక్కి వెతకాలంటే ఆ ఓడ ఏ దేశం జెండా కట్టుకుందో ఆ దేశాన్ని అడగాలి. 'ఎక్కమంటారా' అని కబురెడతారు. నాలుగు గంటలు చూస్తారు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క."

"పలక్కపోతే ఒప్పుకున్నట్టా?"

"అందరికీ కాదు. ముందే సరేనన్న దేశాలకి. ఇప్పుడు ఆ షరతు మార్చాలని కొందరు, ఉంచాలని కొందరు. దాని మీదే సవరణలు."

చిలకమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "పలకననేవాడు ఏరు, పలకలేనోడు ఏరు కదే. ఆ నాలుగు గంటలూ నోరు పెగల్లేదనుకో, వాడి సంగతేటి?"

శ్రావణి దువ్వెన ఆపింది. "బాగా అడిగినావు. ఇది రాసుకుంటాను." నిజంగానే ఫైలు తీసి అట్ట మీద పెన్సిలుతో రాసుకుంది. తర్వాత, చెప్పకుండా ఉంటే పోయేదేమో, చెప్పేసింది. "మూడో రోజు అందర్నీ లాంచీలో సముద్రం మీదికి తీసుకెల్లి, ఓడ ఎలా ఎక్కుతారో సూపిస్తారంట. తాళ్ళ నిచ్చెన."

"నువ్వెక్కొద్దు."

"సరే నానమ్మా."

"సరే అన్నావంటే ఎక్కుతావన్నమాట."

అప్పుడే పక్కింటి ఎస్తేరమ్మ, వెనకే ఆవిడ మనవరాలు జెన్నిఫర్ వచ్చారు. రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. ఎస్తేరమ్మ చేతిలో ఇంట్లో చేసిన కేకు ముక్కల డబ్బా ఉంది. జెన్నిఫర్ కూడా ఆ ప్రొఫెసరమ్మ దగ్గరే పనిచేస్తుంది. శ్రావణి కన్నా ఏడాది చిన్న. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

"మామ్మా, మీ మనవరాలు మహారాణి, నేను స్పేర్ టైరుని," అంది జెన్నిఫర్. "డిక్కీలో పడున్నాను. ఎవరికైనా పంచరైతే గాని బయటికి తియ్యరు."

"నోరు ముయ్యే," అంది ఎస్తేరమ్మ. "రేపు బూడిద బుధవారం. గుడికి రాకుండా ఊళ్ళమ్మట తిరుగుతావేటి? ఇంటికాడుండు."

"ఎల్లమన్నా ఎవరు తీసుకెల్తారు గ్రానీ? రోడ్డంతా సరస్వతీ పూజ పందిళ్ళే. నేనూ వెళ్ళి చందా ఇచ్చి భోగ్ తింటాను."

అందరూ నవ్వారు. చిలకమ్మ మాత్రం స్పేర్ అన్న మాట విన్న దగ్గర్నుంచి ఎస్తేరమ్మ మొహం వైపు చూడలేదు. ఎస్తేరమ్మా ఆవిడ వైపు చూడలేదు.

ఆ మాటకు వాళ్ళిద్దరి మధ్యా నలభై ఏళ్ళ వయసుంది. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో డ్యూటీ పడితే రైల్వే ఆఫీసు నుంచి కాల్‌మ్యాన్ సైకిల్ మీద వచ్చి పిలిచేవాడు. ఎర్ర అట్ట పుస్తకంలో గార్డు పేరు, బండి బయల్దేరే వేళ రాసి ఉండేవి. పక్కన సంతకం పెడితే డ్యూటీకి ఒప్పుకున్నట్టు. భర్త నిద్రలో ఉంటే లేపడమెందుకని పెళ్ళాలే పెట్టేసేవారు. ఒంట్లో బాగా లేకపోతే సంతకం బదులు సిక్ అని రాయాలి. అప్పుడు కింది వరసలో ఉన్న స్పేర్ మనిషిని పిలుస్తారు. బండి మాత్రం ఆగదు.

1983 జులైలో ఒక మధ్యాహ్నం డ్యూటీ వెంకటరావుది కాదు. పక్క క్వార్టరులో ఉండే గార్డు జ్ఞానప్రకాశానిది. ఆయన ఎస్తేరమ్మ భర్త. ఆయన పేరు పక్కన సిక్ అని పడింది. కాల్‌మ్యాన్ జగ్గారావు రెండడుగులు వేసి చిలకమ్మ గుమ్మంలోకి వచ్చాడు. వెంకటరావు నిద్రపోతున్నాడు. చిలకమ్మే సంతకం పెట్టి, ఆ తర్వాత లేపింది. హడావుడిలో ఏదీ ఆపుకోలేదు. గూడ్సు బాలాసోర్ చేరింది. గార్డు కూర్చునే చివరి బ్రేక్ వ్యాన్‌లో ఆయన సామాను పెట్టుకునే లైను బాక్సు ఉంది, మడిచిన జెండాలున్నాయి, గ్లాసులో సగం టీ ఉంది. ఆయన లేడు. దారిలో సువర్ణరేఖ నది వంతెన కింద జాలరులు నాలుగు రోజులు వెతికారు. చొక్కా బొత్తాం కూడా దొరకలేదు.

మర్నాటి నుంచి ఎస్తేరమ్మ ఆ ఇంటికి రావడం మొదలుపెట్టింది. వండి పెట్టింది, పిల్లాణ్ణి ఎత్తుకుంది, చిలకమ్మకు వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చేదాకా దరఖాస్తులు పట్టుకుని వెంట తిరిగింది. జ్ఞానప్రకాశం కూడా పోయి పదిహేనేళ్ళయింది. ఆ రోజు ఆయనకు నిజంగా జ్వరమొచ్చిందా లేదా అని చిలకమ్మ ఏనాడూ అడగలేదు. ఎస్తేరమ్మ ఒకటి రెండుసార్లు "వదినా, ఆ రోజు..." అని మొదలుపెట్టింది. చిలకమ్మ పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయింది.

భోజనాలయ్యాక శ్రావణి లోపల పడుకుంది. బండి ఆరున్నరకు. చిలకమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వీధి చివర పందిట్లో మైకు పొద్దుట్నుంచి మోగుతూనే ఉంది. రెండున్నర అయ్యేసరికి పాట మధ్యలో తెగినట్టు ఆగిపోయింది. మైకుతో పాటు వీధే ఆగిపోయినట్టనిపించింది. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు కదలడం మానేశాయి. బ్యాటరీతో నడిచే టోటో రిక్షాల హారన్లు లేవు, కాకుల అరుపు లేదు.

అప్పుడు సైకిల్ బెల్లు వినిపించింది. రెండుసార్లు వెంటవెంటనే, కాసేపాగి మరోసారి.

చిలకమ్మ చింతపండు పక్కకు పెట్టింది. ఊళ్ళో వెయ్యి సైకిళ్ళున్నా బెల్లు అలా కొట్టిన మనిషి ఒక్కడే.

"కాల్!"

మెట్ల కింద జగ్గారావు నిలబడి ఉన్నాడు. అదే ఖాకీ కోటు, చంకలో అదే ఎర్ర అట్ట పుస్తకం. పదిహేను రోజులుగా చినుకు లేదు. అతని కోటు మాత్రం గుండెల దాకా తడిసి, అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చిలకమ్మకు భయం వెంటనే రాలేదు. ముందు చిరాకొచ్చింది.

"జగ్గారావూ, నువ్వు పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. నీ సావుకి నేనొచ్చినాను."

"వొచ్చినావు సెల్లెమ్మా, సూసినాను," అన్నాడతను. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది గాని మాట మామూలుగానే ఉంది. "ఏటి సేస్తాను? పుస్తకం ఎవులికీ అప్పగించనేదు. ఆరున్నర బండి. శ్రావణి. సంతకం ఎట్టు."

పుస్తకం తెరిచి అరుగు మీద పెట్టాడు. కాగితాలు తడిగా ఉన్నాయి, సిరా మాత్రం చెదరలేదు. పై వరసలో వెంకటరావు పేరు, పక్కన వంకర టింకరగా చిలకమ్మ ముప్పయ్యేళ్ళ వయసులో పెట్టిన సంతకం. తిరిగి వచ్చిన వేళ రాసే గడి ఖాళీగా ఉంది. దాని కిందే శ్రావణి పేరు. దానికీ ఆ గడి ఖాళీయే.

"తిరుగు బండి ఎప్పుడు జగ్గారావూ?"

అతను కోటు అంచు పిండుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. పిల్ల ఎప్పుడొస్తాది?"

"నాది పిలవడమే సెల్లెమ్మా," అన్నాడు జగ్గారావు. "తెచ్చేది ఏరే డిపార్ట్‌మెంటు."

పుస్తకానికి దారంతో కట్టిన పెన్సిలు ఆవిడ వేళ్ళ మధ్యకు అలవాటుగా వచ్చేసింది. సంతకం మొదటి గీత గీయబోయి ఆవిడ చెయ్యి వెనక్కు లాక్కుంది. నలభై ఏళ్ళుగా కలలో ఆ పెన్సిలు ఎన్నిసార్లు విసిరికొట్టిందో. ఈసారి ఒప్పుకోదు. వ్యాగన్ల మీద చూసి నేర్చుకున్న పెద్ద అక్షరాల్లో, శ్రావణి పేరు పక్కన సిక్ అని రాసింది. చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది.

జగ్గారావు చూపుడు వేలు నాలిక మీద తడుపుకుని కింది వరసకు జరిపాడు.

"అయితే స్పేర్," అన్నాడు.

సైకిల్ నడిపించుకుంటూ పక్కింటి వైపు వెళ్ళాడు. మళ్ళీ బెల్లు. రెండుసార్లు, ఆగి మరోసారి. గోడకవతల ఎస్తేరమ్మ నిద్రగొంతు వినిపించింది. "ఎవరూ... ఆ, వస్తన్నా, వస్తన్నా."

'సంతకం ఎట్టకు ఎస్తేరమ్మా' అని చిలకమ్మ అనాలనుకుంది. ఆ మూడు మాటలూ పైకి రాలేదు. పందిట్లో పాట తెగిన చోటు నుంచే మళ్ళీ మొదలైంది. ఎదురు మేడ మీద బట్టలు కదిలాయి.

వీధిలో ఎవరూ లేరు. ఎర్ర సిమెంటు అరుగు మీద, పుస్తకం ఉన్న చోట, తడి ఆరిపోయి తెల్లటి చార మిగిలింది. చిలకమ్మ గోటితో గీరి నాలిక మీద వేసుకుంది. ఉప్పు.

మూడున్నరకు శ్రావణి లేవలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు నూట మూడు దాటింది. కాళ్ళ మీద నిలబడబోయి మంచం మీద కూలబడింది. ఫోను చేస్తే ప్రొఫెసరమ్మ, పాపం, విశ్రాంతి తీసుకోమంది, జెన్నిఫర్‌కు తానే చెబుతానంది.

పది నిమిషాల్లో జెన్నిఫర్ పరుగెత్తుకొచ్చింది. సంతోషం దాచుకోవాలని చూస్తోంది గాని కళ్ళు మూసుకుపోతూనే ఉన్నాయి.

"సారీ శ్రావణీ. నేనేదో నోటి దురుసుతో పంచర్ అన్నాను..."

"పోవే. నా బ్యాగే పట్టుకుపో," అంది శ్రావణి దుప్పటి లోంచి. "ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. బట్టలు నీకూ సరిపోతాయి. ఇప్పుడు కొత్తగా సర్దే టైమెక్కడిది? అట్ట మీద నానమ్మ ప్రశ్న ఒకటుంది, అడుగు."

చిలకమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. గోడ గడియారంలో నాలుగైంది. చెప్పాలంటే ఇప్పుడు చెప్పొచ్చు. ఏమని చెబుతుంది? చచ్చిపోయిన కాల్‌మ్యాన్ వచ్చాడనా? నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు. కాళ్ళ మీద పడితే జెన్నిఫర్ ఆగుతుంది, ముసలిదాని మాట కాదనలేని పిల్ల. కాని బండి ఆగదు. జెన్నిఫర్ ఆగితే పుస్తకం మళ్ళీ ఏ గుమ్మంలోకి వస్తుంది? లోపల మంచం మీద శ్రావణి మూలిగింది. చిలకమ్మ వెళ్ళి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

ఐదింటికి ఎస్తేరమ్మ వచ్చి, మనవరాలి జడ వేస్తూ అంది. "విచిత్రం సూడు వదినా. దీని ఆఫీసు వాళ్ళకి ముందే ఎలా తెలిసిందో. రెండున్నరకే ఎవరో వచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకు పోయినాడు. కళ్ళజోడు కూడా లేదు నాకు. పాత అలవాటు కదా, చెయ్యి దానంతటదే పెట్టేసింది."

"గ్రానీ, కొరియరు వాడయ్యుంటాడు," అంది జెన్నిఫర్. "మళ్ళీ ఏ బ్యాంకు లోనుకో ష్యూరిటీ పెట్టేసి ఉంటావు, చూసుకో."

ఎస్తేరమ్మ నవ్వింది. నవ్వుతూ చిలకమ్మ వైపు చూసింది. చూపు రెప్పపాటు ఎక్కువసేపు నిలబడింది. చిలకమ్మ పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయింది. పొయ్యి వెలిగించనే లేదు.

ఆరింటికి టోటో వచ్చింది. "దీదీ, జల్దీ, ఇందా చౌరస్తా దగ్గర జామ్ ఉంది," అని డ్రైవరు తొందరపెడుతున్నాడు. జెన్నిఫర్ నీలం బ్యాగును కాళ్ళ మధ్య పెట్టుకుని ఎక్కింది. చిలకమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ బ్యాగులోంచి ఆపింది శ్రావణి మేజోడు. జెన్నిఫర్‌ది ఏదీ ఆపలేదు. ఆవిడ మెట్లు దిగి, జీవితంలో ఎన్నడూ పరుగెత్తనట్టు పరుగెత్తి టోటో కడ్డీ పట్టుకుంది.

"జెన్నీ, నీదేదైనా ఒకటియ్యే. ఏదైనా సరే."

"ఏటి మామ్మా?"

"క్లిప్పు. ఆ తల్లో క్లిప్పు ఇలాగియ్యి."

జెన్నిఫర్ కళ్ళు మూసుకుపోయేలా నవ్వి తలలోకి చెయ్యి పోనిచ్చింది. ఎస్తేరమ్మ గట్టిగా వేసిన జడ, క్లిప్పు ఊడి రాలేదు. టోటో కదిలింది. "వచ్చినాక ఇస్తాలెండి!" అని అరిచింది.

బండి ఆరున్నరకు సరిగ్గా కదిలిందని ఫోను వచ్చింది. శ్రావణి చమటలు పట్టి లేచి కూర్చుంది. థర్మామీటరు పెడితే మామూలుగా ఉంది. "ఆకలేస్తోంది నానమ్మా," అంది. జ్వరమొచ్చిన మొహంలా లేదు. చిలకమ్మ ముద్దలు కలిపి పెట్టింది. రెండున్నర నుంచి ఆరున్నర దాకా ఎన్ని గంటలో ఆవిడ ఆ రాత్రి లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టకుండానే తెలుసు.

బుధవారం ఎస్తేరమ్మ నుదుట బూడిద గీతతో వచ్చి, పిల్ల క్షేమంగా చేరిందని చెప్పింది. గురువారం సాయంత్రం జెన్నిఫరే ఫోను చేసింది. శ్రావణి స్పీకరు పెట్టింది.

"మామ్మా, మీ ప్రశ్న మేడమ్ చేత అడిగించాను. పలకలేనివాడి సంగతేమిటి అని. హాలంతా తలలు తిప్పి చూశారు తెలుసా?"

"ఏటన్నారే?"

"ఎవరూ ఏమీ అనలేదు. అధ్యక్షుడు కాసేపు చూశాడు. 'ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి పాత షరతే ఉంచుదాం' అన్నాడు. దానికీ ఎవరూ పలకలేదు. అంతే, ఖాయమైపోయింది." పకపకా నవ్వింది. ఆ నవ్వు వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వెక్కడున్నావే ఇప్పుడు?"

"హోటల్ గదిలో మామ్మా. కిటికీలు కూడా మూసేసి ఉన్నాయి. ఎందుకు?"

"రేపు ఆ లాంచీ..." అంది చిలకమ్మ. పక్కనే శ్రావణి అరచెయ్యి ఆవిడ మోకాలి మీద వెచ్చగా ఉంది. "రేపు ఎండగా ఉంటాది. తలకి గుడ్డ కట్టుకో."

శుక్రవారం పొద్దున లాంచీ వెళ్ళింది. సముద్రం చెరువులా ఉందట. పన్నెండు మంది తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కారు. పన్నెండు మందీ దిగారని పైన నిలబడి లెక్క రాసిన మనిషి చెప్పాడు. ప్రొఫెసరమ్మ కూడా జెన్నిఫర్ తన పక్కనే కూర్చుందని, ఏదో రాసుకుంటోందని చెప్పింది. లాంచీ ఒడ్డుకు చేరాక లెక్కపెడితే పదకొండు మందే ఉన్నారు. జెన్నిఫర్ కూర్చున్న చోట నారింజ రంగు లైఫ్ జాకెట్ ఉంది. దాని బెల్టులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పడిన చప్పుడు ఎవరూ వినలేదు. ఐదు రోజులు వెతికారు. ఎస్తేరమ్మ కొడుకు క్రిస్టోఫర్ అక్కడే ఉండి, ఆరో రోజు బ్యాగు తీసుకుని వచ్చాడు.

ఎస్తేరమ్మ ఆ బ్యాగును చిలకమ్మ మంచం మీద పెట్టి తెరిచింది. చీరలు మడత విప్పలేదు. పచ్చడి సీసా గుడ్డ విప్పలేదు. ఒంటి మేజోడు అడుగున ఉంది.

"దాన్దేదైనా ఆపినావా వదినా?"

"నేదు," అంది చిలకమ్మ.

ఎస్తేరమ్మ చాలాసేపు మేజోడు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. "ఆ రోజు మా ఆయనకి జ్వరం నేదు వదినా," అంది చివరికి. ఈసారి చిలకమ్మ లేవలేదు. "నాకు కలొచ్చింది. ఖాళీ బ్రేక్ వ్యాన్ కనబడింది. ఆయన ఎల్తానన్నాడు. జగ్గారావు వచ్చినప్పుడు నేనే సిక్ అని రాసేసినాను. తరవాత ఎవరిని పిలుస్తారో నాకు తెలుసు. తెలిసే రాసినాను."

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎస్తేరమ్మ ఎదురుచూసింది. తానూ సిక్ అని రాసిన సంగతి చెప్పకుండా, చిలకమ్మ పచ్చడి సీసా గుడ్డ ముడి బిగించింది. ఎస్తేరమ్మ బ్యాగు మూసి, లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఆ గుమ్మం తొక్కలేదు. రెండు ఇళ్ళ మధ్యా గోడ ఒకటే.

అరుగు మీది ఉప్పు చార ఎన్నిసార్లు కడిగినా ఎండ రాగానే తేలుతుంది. శ్రావణి మేజోళ్ళు రెండూ జతగా బీరువాలో ఉన్నాయి. క్లిప్పు లేదు.

జెన్నిఫర్ తిరిగి రాలేదు. లాంచీ ఎక్కింది 2024 ఫిబ్రవరి 16, శుక్రవారం.